సత్యం మేస్టారు వదిలేసిన అక్షరం

విశాఖపట్నం పోర్టులో సత్యం టాలీ క్లర్కు. క్రేను దించే బస్తాలకి గట్టు మీద నిలబడి లెక్క కట్టడం అతని పని. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క బస్తా కూడా తప్పిపోలేదని పేరు. కానీ కొత్తవాళ్ళెవరైనా "తమరేం చేస్తుంటారండీ" అని అడిగితే పోర్టు ఊసే ఎత్తేవాడు కాదు. "రచయితనండి" అనేవాడు. ఏ సినిమాకి రాశారని వాళ్ళు అడిగేలోపే "క్రైస్తవ రచయితని" అని కలిపేవాడు.

వన్ టౌన్‌లో, చర్చికి నాలుగిళ్ళ అవతల, రెండు గదుల పెంకుటిల్లు అతనిది. భార్య పేరు కాంతం. పిల్లలు లేరు. ఆ లోటు తీర్చడానికే సత్యం గారు గ్రంథాలు కన్నారని పాస్టరు గారు ఒకసారి సభలో అన్నారు గానీ, అచ్చయిన గ్రంథం ఒక్కటే, 'పరమానంద పారిజాత మంజరి'. దాని కాపీలు ముప్పాతికపైగా మంచం కిందే ఉండేవి. ఇల్లు ఊడ్చినప్పుడల్లా కాంతం వాటిని ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ జరిపేది. ఆ మంజరిలో ఒక్కో వాక్యం బీచి రోడ్డంత పొడుగు. సంఘంలో అందరూ దాన్ని గౌరవించారు, ఎవరూ చదవలేదు. ఏటా క్రిస్మసుకి నాటకం కూడా అతనే రాసేవాడు. ఒక ఏడు దేవదూత మాట్లాడుతుండగానే గొర్రెల కాపరి వేషం వేసినాయన స్టేజీ మీద నిజంగానే నిద్రపోయాడు.

కాకినాడ నుంచి 'ఉదయ దివిటీ' అని ఒక క్రైస్తవ మాసపత్రిక వచ్చేది. పదేళ్ళలో అందులో అతని పాటలు ఏడు పడ్డాయి. ఏ నెల, ఏ పేజీ అనేది నిద్రలో అడిగినా చెప్పేవాడు.

డెబ్బై మూడులో చర్చి వాళ్ళు చదువురాని ఆడవాళ్ళ కోసం సాయంత్రం బడి పెట్టి, పాఠాలు చెప్పే పని సత్యానికి అప్పగించారు. అక్కడికి వచ్చింది సీతాలు. జాలరిపేట పిల్ల. ఇరవై ఆరేళ్ళుంటాయి. పొద్దున్నే పూర్ణా మార్కెట్లో ఎండుచేపలు అమ్మి, మధ్యాహ్నం వంట చేసి, సాయంత్రం పలకతో వచ్చి ముందు వరసలో కూర్చునేది. మొగుడు వదిలేసి పోతే తండ్రి దగ్గరే ఉంటోంది. తండ్రి పేరు పైడితల్లి, సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే మనిషి. క్రిస్మసు రోజున తప్ప చర్చి గడప తొక్కేవాడు కాదు, తొక్కిన రోజున మాత్రం అందరికంటే గట్టిగా పాడేవాడు.

సీతాలు ఎనిమిది నెలల్లో చదవడం నేర్చుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి ఒక నోటుబుక్కు తెచ్చి సత్యం చేతిలో పెట్టింది.

"నోటికొచ్చింది రాసీసినాను మేస్టారు. తప్పులుంటే దిద్దండి."

సత్యం మొదటి పేజీ తిప్పాడు. 'ఆ దినం మాయయ్య ఖాళీ వల బుజానేసుకొని ఇంటికొచ్చినాడు. మాయమ్మేటీ అడగలేదు. పొయ్యి మీదున్న ఎసరు దించీసింది.' అతనికి జాలేసింది. ఎర్ర సిరా పెన్ను తీసి పైన చక్కగా రాశాడు: 'రిక్తహస్తుడైన నా జనకుడు శూన్యజాలమును స్కంధమున ధరించి గృహోన్ముఖుడాయెను.'

సీతాలు కూడబలుక్కుని చదివింది. "ఇదెవరి గురించండి?"

"మీ నాన్న గురించే."

"మా అయ్యకిలాగని సెప్తే బెదిరిపోతాడండి" అంది. అని, నోటుబుక్కు కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

అది పాస్టరమ్మ గారి కంటపడింది. ఆవిడ ఎర్ర సిరా వదిలేసి, సీతాలు రాసింది ఉన్నదున్నట్టు కాకినాడ పంపింది. పత్రిక వాళ్ళు ఒక్క అక్షరం మార్చకుండా వేశారు. ఆ నెల ఉత్తరాలొచ్చాయి, మరుసటి నెల ఇంకా ఎక్కువ వచ్చాయి. ఇంకా రాయమని సంపాదకుడు జాబు పెట్టాడు. సీతాలు చిన్నప్పటి ఆకళ్ళూ, తుఫానులో తిరిగిరాని పడవలూ, తల్లి చావూ, చర్చి గుమ్మంలో తొలిసారి నిలబడిన రోజూ, అన్నీ అదే జాలరిపేట మాటల్లో నెలనెలా అచ్చవడం మొదలైంది. సత్యం పాటలు పడే పేజీలో ఇప్పుడు సీతాలు ఫొటో పడుతోంది.

ఆదివారం ఆరాధన అవగానే ఎవరో ఒకరు సత్యాన్ని పట్టుకునేవారు. "సదివినావా ఈ నెల? నువ్వు నేర్పిన పిల్లేనట కదా."

"అంతా ప్రభువు కృప" అనేవాడు సత్యం నవ్వుతూ. లోపల మాత్రం ఎవరో ఎండుమిరపకాయలు వేయిస్తున్నట్టుండేది.

అది ఓర్వలేనితనమని అతనికి తెలియక కాదు. తెలిసే, దానికి మంచి బట్టలు తొడిగాడు. ప్రార్థనలో కూడా, "ప్రభువా, ఆ బిడ్డకి గర్వం రాకుండా కాపాడు. అవసరమైతే ఒక చిన్న దెబ్బ కొట్టి అయినా కాపాడు" అని వేడుకునేవాడు. కాంతం ఒకరోజు బియ్యం ఏరుతూ ఇది వింది.

"ఏటండి, ఆ దెబ్బ ఎంతుండాలో కూడా మీరే సెప్పీసేలా ఉన్నారు దేవుడికి."

"ఆమె మంచికే కదా."

"మరైతే ఆ ప్రార్థనేదో నా కోసం కూడా సెయ్యండి. నాకూ గర్వం ఉంది, మంచం కింద ఊడవడంలో."

డెబ్బై ఎనిమిదిలో రేడియో వాళ్ళు సీతాలుని పిలిచి చదివించారు. పోర్టు క్యాంటీన్లో అందరూ టీ గ్లాసులు పట్టుకుని విన్నారు. మూటలు మోసే కళాసీలు, తెలుగు అంతంత మాత్రంగా వచ్చే ఒరియా క్రేను డ్రైవరు, అందరూ రేడియో దగ్గరికి జరిగారు. అయిపోయాక క్రేను డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. సత్యం తన గ్లాసు అక్కడే వదిలేసి గట్టు మీదికి పోయాడు. సీతాలుకి మొత్తం రెండొందల పన్నెండు ఉత్తరాలొచ్చాయని అతనికి తెలుసు. ఆమె రాసినవి ఎన్ని పేజీలో కూడా తెలుసు. ఆ పేజీల్లో ఏముందో అడిగితే మాత్రం చెప్పలేకపోయేవాడు.

మరుసటి ఏడు సంఘం వాళ్ళు ఆ రాతలన్నీ కలిపి 'ఖాళీ వల' అని పుస్తకం వేయాలనుకున్నారు. అయిదు వందల కాపీలు. ప్రెస్సు గురునాథరావుది. వన్ టౌన్‌లో పెళ్ళి శుభలేఖలు, సినిమా కరపత్రాలు, సింహాచలం ఉత్సవాల నోటీసులు, సువార్త కరపత్రాలు, అన్నీ ఆ ఒక్క మెషీను మీదే పడేవి. "దేవుడెవరైనా అచ్చు ఒకటే బావ" అనేవాడతను. అక్షరాలు కూర్చేదీ అతనే, మెషీను తొక్కేదీ అతనే. ప్రూఫులు దిద్దడానికి సత్యాన్ని మించినవాడు లేడని పాస్టరు గారు ఆ పని అతనికి చెప్పారు.

సత్యం మధ్యాహ్నం డ్యూటీ దిగి ప్రెస్సుకెళ్ళి కూర్చున్నాడు. పెన్సిలుతో వరసగా తప్పులు పట్టుకుంటూ పోయాడు. పొల్లులు, వత్తులు, తలకిందులైన అక్షరాలు అరవై దాకా దొరికాయి. పని అయిపోయాక మొదటి పేజీ మళ్ళీ ఒకసారి చూశాడు. మొట్టమొదటి వాక్యంలోనే వకారం పడాల్సిన చోట తకారం పడింది. 'ఆ దినం మాయయ్య ఖాళీ తల బుజానేసుకొని ఇంటికొచ్చినాడు.'

సత్యానికి నవ్వొచ్చింది. దిద్దడానికి పెన్సిలు ఎత్తాడు. సరిగ్గా అప్పుడే గురునాథరావు చేతులకంటిన సిరా తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏటి రాసింది బావ ఈ పిల్ల. కంపోజు సేత్తా సేత్తా ఏడ్సీసినాను. అందుకే అచ్చరాలు సరిగ్గా ఆనలేదు, తప్పులుంటే నువ్వే సూసుకో. నీ మంజరి కూడా నానే కదా కూర్సినాను. నిజం సెప్తన్నాను, ఒక్క సుక్క రాలేదు."

ఎత్తిన పెన్సిలు అలాగే ఆగింది. సత్యం దాన్ని మెల్లగా చెవి మీద పెట్టుకున్నాడు. కాగితాలు సర్ది గురునాథరావు చేతికిచ్చాడు.

"అయిపోయింది. వేసెయ్."

డిసెంబరు మొదటి శనివారం సాయంత్రం చర్చి హాల్లో పుస్తకావిష్కరణ. కాకినాడ నుంచి సంపాదకుడు వచ్చాడు. ముందు వరసలో పైడితల్లి కొత్త చొక్కా వేసుకుని, తలకి బాగా నూనె రాసుకుని కూర్చున్నాడు. పక్కన సీతాలు. సంపాదకుడు చుట్టిన కాగితం చింపి పుస్తకం పైకెత్తి చూపించి, "ఈ తల్లి మొదటి వాక్యమే నన్ను కట్టిపడేసింది. వినండి" అని గొంతు సవరించుకుని గంభీరంగా చదివాడు.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇక హాలంతా నవ్వు. పాస్టరు గారు కూడా చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్నారు. పైడితల్లి విషయం తెలియకుండానే అందరితో పాటు గట్టిగా నవ్వాడు. పక్కవాడు వంగి చెవిలో చెప్పాక నవ్వు తగ్గించాడు. చెయ్యి ఎత్తి, నూనె రాసుకున్న తలని ఒకసారి తడుముకుని దించేశాడు.

సత్యం గుమ్మం దగ్గర నిలబడి అది చూశాడు. సంతోషం వేస్తుందనుకున్నాడు. సంతోషం రాలేదు. బల్ల దగ్గర గురునాథరావు లేచి చేతులు జోడించి, "తప్పు నాదేనండి, అచ్చరం మారిపోయింది. చమించాల" అంటున్నాడు. సత్యం గుమ్మం దిగాడు. సభ అవకుండానే ఇంటికొచ్చేశాడు.

కాంతం వెనకాలే వచ్చింది. అడక్కుండానే సత్యం అంతా చెప్పేశాడు, పెన్సిలు చెవి మీద పెట్టుకోవడంతో సహా. ఆమె చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, అన్నం వడ్డించింది. సగం తిన్నాక అంది.

"మీకు రాయడం రాదని నానెప్పుడూ అనుకోలేదు. కుళ్ళు ఉందని తెలుసు. అది నాకూ ఉంది, పక్కింటి కుక్కరు మీద. కానీ మీరు కుక్కరు పగలగొట్టీసి వొచ్చినారు."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"రేపు ఆరాధనకి ముందే ఎల్లి సెప్పీండి. తరవాతైతే ఇంకో వారం సాగదీత్తారు."

తెల్లవారాక జాలరిపేట వెళ్ళాడు. పైడితల్లి పడవ నీడన కూర్చుని చిరిగిన వల అల్లుతున్నాడు. సత్యం ఇసకలోనే కూలబడి, ఆ అక్షరం తను చూసే వదిలేశానని చెప్పాడు. పైడితల్లి అల్లిక ఆపలేదు.

"నా తల ఖాళీ అని ఈ పేటంతా ఎరుగుదురు బాబూ. రాసి ఉన్నదాంట్లో అబద్దమేటుంది. నిన్న రాత్రి నుంచి కనబడినోడల్లా, బుజం మీంచి తల దించుకో మావా, బరువెక్కిపోద్ది అంతన్నాడు." నవ్వి, గుడిసె వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఆ పిల్లకి సెప్పు. అది నాలాగ కాదు."

సీతాలు గుమ్మంలోనే నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"నవ్వినందుకు కాదు మేస్టారు" అంది. "నవ్వితే నవ్వనీండి. మీరు నాకు 'అ' దిద్దబెట్టినారు. ఆ అచ్చరం సూసి మరీ ఒగ్గీసినారు. ఎందుకండి?"

సత్యానికి సిద్ధంగా ఉన్న మాటలన్నీ పొడుగువే. వాటిల్లో ఏదీ పనికిరాదనిపించింది.

"నీ మీద కుళ్ళు, సీతాలూ."

ఆమె చేతిలోని చేట ఎత్తి, ఆరబెట్టాల్సిన ఎండుచేపల్ని చాప మీదికి వంచేసింది.

"అయిదొందల పుస్తకాలున్నాయి. ఎవరు దిద్దుతారు?"

"నేనే."

"నానూ వొత్తాను. మీరు దిద్దితే నాను సూడాల కదా."

ఆ ఉదయం ఆరాధనలో ప్రకటనల సమయానికి సత్యం లేచాడు. ప్రెస్సు తప్పేమీ లేదని, ప్రూఫు దిద్దినవాడు చూసి కూడా వదిలేశాడని, ఆ మనిషి తనేనని చెప్పి కూర్చున్నాడు. అతను అంత తక్కువ మాట్లాడటం సంఘంలో ఎవరూ ఎరుగరు. గురునాథరావుకి ఆ సాయంత్రం విడిగా చెప్పాడు. అతను మెషీను తుడుస్తున్న గుడ్డ పక్కన పడేశాడు. "ముప్పై ఏళ్ళుగా తప్పులు అచ్చేత్తన్నాను బావ, ఆ పేరు కూడా నువ్వే కొట్టీదామనుకున్నావా" అన్నాడు. ఓ నెల మాత్రం ముభావంగానే ఉన్నాడు.

సోమవారం నుంచి మధ్యాహ్నాలు చర్చి హాల్లో దిద్దుబాటు మొదలైంది. సత్యం పుస్తకం తెరిచి, 'త' కొట్టేసి పైన గుండ్రంగా 'వ' రాసి జరిపేవాడు. ఎదురుగా కూర్చున్న సీతాలు చూసి, సిరా ఆరేదాకా ఊది, పక్కన పేర్చేది. మొదటి యాభై పుస్తకాలు ఇద్దరూ మాట్లాడుకోలేదు. కాంతం టీ తెచ్చి పెట్టి, పక్కన పేర్చినవి లెక్కపెట్టి వెళ్ళిపోయింది.

వంద దాటేసరికి అతని కన్ను దానంతటదే రెండో వాక్యం మీదికి జారింది. తర్వాత మూడో వాక్యం మీదికి. ఎన్నోసారో మరి, ఒకసారి పెన్ను ఆగిపోయింది. వల ఖాళీగా వచ్చింది. ఆ తల్లి ఒక్క మాట అడగలేదు. ఎసరు దించేసింది. ఇంట్లో బియ్యం లేవు, చేపలమ్మి తేవాలి, ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. ఆ ఇల్లాలు కసురుకోనూ లేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోనూ లేదు. పొయ్యి పక్కన ఆ మనిషి అతనికి కనిపించింది.

"సీతాలూ, ఎసరు దించేసిందని ఎందుకు రాశావు?"

"దించీసింది గాబట్టి."

"నేనైతే..."

"మీరైతే మాయమ్మ సేత పేజీ నిండా ఏడిపించీవోరు." తల ఎత్తకుండానే అంది. కొద్దిగా నవ్విందనిపించింది.

సత్యం ఆ పూట ఒక పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. నాలుగేళ్ళుగా పత్రికలో ఆ పేజీ వచ్చిందా లేదా అని చూశాడే తప్ప చదివింది లేదు. తుఫాను కథ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే, వంటగదిలోంచి కాంతం చూసి చూడనట్టు పోపు వేసింది. అయిదొందలూ పూర్తవడానికి వారం పట్టింది. కొన్నవాళ్ళలో చాలామంది అది ఎవరి రాతో ఎప్పటికీ గుర్తుపట్టలేదు గానీ, ప్రతి కాపీలో మొదటి వరసలో ఒక్క అక్షరం సత్యం చేతిరాతే.

అంతటితో అతని కుళ్ళు వదిలిపోయిందని చెబితే అది కథల్లో మాట. సీతాలు మీద తగ్గింది. కానీ ఆ మరుసటి ఏడు అనకాపల్లి వైపు పాస్టరొకాయన రాసిన పాట ఊరూరా పాడుతుంటే మళ్ళీ మిరపకాయలు వేగాయి. కాంతంతో చెప్పుకున్నాడు. దాచడం మానేశాడు, అదొక్కటే తేడా.

"ఆ పాట నిజంగా బాగుందా?" అని అడిగింది కాంతం.

సత్యం ఆలోచించాడు. "రెండో చరణం బాగుంది."

"అయితే ఆ ముక్కే ఆయనకి కార్డు మీద రాసీండి."

మొదటి కార్డులో పొగడ్త మరీ జిడ్డుగా ఉందని చింపేశాడు. రెండోదాంట్లో సలహా ఇచ్చాడని కాంతం చింపేసింది. మూడో కార్డు డబ్బాలో పడింది. అప్పటి నుంచి అది అలవాటైంది. ఎవరి రాత చూసి లోపల మండినా, అందులో నిజంగా బాగున్న ఒక్క చోటు వెతికి, అదే రాసేవాడు. వెతకాలంటే చదవాలి. చదివేసరికి సగం మంట చల్లారేది. మిగతా సగంతో తన పని తను చేసుకునేవాడు. వాక్యాలు పొట్టివయ్యాయి. క్రిస్మసు నాటకంలో దేవదూత రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళిపోవడం మొదలెట్టాడు. పాటలు అప్పుడొకటీ ఇప్పుడొకటీ అచ్చయ్యాయి, గొప్ప పేరేమీ రాలేదు.

ఎనభై మూడులో సీతాలు రెండో పుస్తకం ప్రూఫులు తెచ్చి అతని బల్ల మీద పడేసింది.

"గురునాథరావు గారు ఇమ్మన్నారు. నాను పక్కన కూకోనండి, మార్కెట్టుకెల్లాల."

సత్యం ఆ ప్రూఫుల్ని మూడుసార్లు చూశాడు. తప్పులతో పాటు, ఏడో అధ్యాయం చివర నీతి చెప్పడం బాగాలేదని అంచున పెన్సిలుతో రాశాడు. సీతాలు సాయంత్రం వచ్చి చదివి, రెండు రోజులు అలిగి, ఆ నాలుగు వరసలూ తీసేసింది.

ఎనభై ఆరు వేసవిలో 'ఉదయ దివిటీ'లో ఒక కొత్త పేరు కనిపించింది. సీతారామాంజనేయులు. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీలు ప్లాంటు కట్టుబడి పనుల్లో వెల్డింగు చేస్తున్నాడట, బాప్తిస్మం తీసుకుని ఏడాదే అయిందట. మొదటి కథే ఏడు పేజీలు వేశారు. సత్యం చదువుతూ రెండుసార్లు పత్రిక మూసి మళ్ళీ తెరిచాడు. కాంతం అడక్కుండానే అల్మారాలోంచి కార్డు తీసి ఇచ్చింది.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. గాజువాకలో అద్దెగదిలో ఒక్కడే ఉంటున్నానని, విశాఖపట్నంలో తన కథ గురించి రాసిన మొదటి మనిషి మీరేనని, ఇంకో కథ రాశాను, మీరు చూసి చెబితే బాగుంటుందని, గుండ్రటి అక్షరాలతో రాశాడు.

"ఏటంతన్నాడు?" అంది కాంతం.

"కథ చూడమంటున్నాడు. ఆదివారం భోజనానికి రమ్మని రాసేశాను."

"నన్ను అడగకుండానా."

"గోదావరి వాళ్ళకి పులస తప్ప మన చేప నచ్చదంటారు మరి."

"నచ్చకేం, నాను వండితే తింటాడు" అంది కాంతం. సంచీ అందించి, "సీతాలునడిగి వంజరం మంచిది సూసి తెండి. దాన్నీ రమ్మనండి" అంది. సత్యం చెప్పులేసుకుని పూర్ణా మార్కెట్టు వైపు నడిచాడు.